మీ ఇంటి చెత్త ఎక్కడికి పోతోందో మీరే కనుక్కోవడం ఎలా

"మనం తడీ పొడీ వేరు చేసి ఏం లాభం అండి, బండిలో పడ్డాక అన్నీ కలిపేస్తారు కదా" అనే మాట మీరు వినే ఉంటారు, ఎప్పుడో ఒకసారి అనే కూడా ఉంటారు. కొన్ని చోట్ల అది నిజం, కొన్ని చోట్ల అబద్ధం, చాలా చోట్ల సగం నిజం. కనుక్కోకుండా అనేస్తున్నాం అన్నదే నా బాధ. ఎందుకంటే చెత్త విషయంలో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే, అది ఎక్కడ కలిసిపోతోంది అని. మన వంటింట్లోనే కలిసిపోతోందా, బండిలోనా, మధ్యలో దింపే చోటా, లేక చివర కుప్ప మీదా. కలవనంత వరకు అది సరుకు, ఎవరో ఒకరు కొంటారు, లేదా ఎరువు చేస్తారు. కలిసిపోయిందంటే మాత్రం ఇంక దాన్ని పూడ్చాలి లేదా కాల్చాలి, మూడో దారి దాదాపు ఉండదు.

ఈ గైడ్ ఆ ఒక్క చోటు పట్టుకోవడానికే. బుట్ట దగ్గర మొదలుపెట్టి బండి వెనకాలే వెళ్దాం.

ముందు మీ బుట్ట సంగతి

ఒక వారం పాటు చెత్త బయట పెట్టేముందు తూచండి, సూట్‌కేసులు తూచే చిన్న వేలాడే కాటా ఉంటే చాలు. తడి ఎంత, పొడి ఎంత, ఫోన్‌లో రాసుకోండి. ప్రపంచ బ్యాంకు 2018లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచం మొత్తం మీద సగటున మనిషికి రోజుకి 0.74 కిలోల చెత్త వస్తుంది, కానీ అది సగటే, దేశాన్ని బట్టి 0.11 నుంచి 4.54 కిలోల దాకా ఉంది. అదే రిపోర్టులో బరువు లెక్కన చూస్తే తిండి, ఆకులు, కొమ్మలు లాంటివి 44 శాతం, కాగితం అట్టలు 17 శాతం, ప్లాస్టిక్ 12 శాతం. మన కంటికి మాత్రం ప్లాస్టిక్కే ఎక్కువ కనిపిస్తుంది ఎందుకంటే అది తేలిక, చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. బండి మోసేదీ, నగరం డబ్బు కట్టి మోయించుకునేదీ ఎక్కువ భాగం తడి చెత్తనే, అంటే ఇంకా నిజం చెప్పాలంటే నీళ్ళని.

తూచేటప్పుడే ఇంకో పని చెయ్యండి. ఒక పాత పేపర్ ముక్క తొక్కల మధ్యలో పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నకి అది ఉబ్బి, రంగు మారి, తొక్కలకి అంటుకుపోయి ఉంటుంది, చేత్తో తీస్తే చిరిగిపోతుంది. ఆ కాగితాన్ని ఏ పేపర్ మిల్లూ తీసుకోదు. సాయంత్రం వరకు డబ్బు వచ్చే వస్తువు అది, మన బుట్టలో ఒక్క రాత్రి ఉండేసరికి పనికిరాకుండా పోయింది. చాలా ఇళ్ళల్లో చెత్త కలిసిపోయే చోటు బండి కాదు, ఇదే, సింకు పక్కనున్న బుట్ట.

బండి దగ్గర ఏం చూడాలి

బండి వచ్చినప్పుడు ఒక నిమిషం నిలబడి చూడండి. లోపల అరలు ఉన్నాయా, ఒకటే డబ్బానా. వెనక నొక్కే మెషీన్ ఉందా, అంటే కాంపాక్టరా. రెండు బుట్టలూ ఒకే నోట్లో పోస్తున్నారా. ఒకే చోట పోసినంత మాత్రాన వెంటనే నిర్ణయానికి రాకండి, కొన్ని బండ్లలో లోపల అడ్డుగోడ ఉంటుంది, బయటికి కనపడదు. కొన్ని చోట్ల తడి ఒక రోజు పొడి ఒక రోజు తీసుకెళ్తారు. నార్వేలోని ఓస్లోలో అయితే తిండి చెత్త ఆకుపచ్చ సంచిలో, ప్లాస్టిక్ ఇంకో రంగు సంచిలో కట్టి అన్నీ ఒకే డబ్బాలో వేస్తారు, తర్వాత ప్లాంట్‌లో కెమెరాలు సంచి రంగు చూసి వేరు చేస్తాయి. చూసేవాడికి అన్నీ కలిపేస్తున్నట్టే ఉంటుంది కానీ అక్కడ సంచులు కలుస్తున్నాయి, చెత్త కాదు.

అడగాల్సింది బండి మీద పనిచేసేవాళ్ళనే. వాళ్ళకి తెలిసినంత ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి తెలియదు. కాకపోతే అడిగే పద్ధతి ఉంటుంది, హడావిడిలో ఉన్నప్పుడు ఆపి ప్రశ్నలు వెయ్యకండి, వీడియో తీస్తూ అస్సలు అడగకండి, వాళ్ళ ఉద్యోగం పోతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడో టీ తాగే టైంలోనో "అన్నా, ఇది నిండాక ఎక్కడ దింపుతారు? అక్కడ తడి వేరేగా దింపుతారా? రోజుకి ఎన్ని ట్రిప్పులు?" అని మామూలుగా అడిగితే చాలామంది వివరంగా చెప్తారు. ఇంకో ప్రశ్న కూడా అడగండి, అది ముఖ్యం. "మా వీధిలో ఎంతమంది వేరు చేసి ఇస్తున్నారు?" అని. పది ఇళ్ళల్లో ముగ్గురే వేరు చేస్తే బండిలో అర ఉన్నా లాభం లేదు, మిగతా ఏడు ఇళ్ళ చెత్త ఆ ముగ్గురిదాన్నీ పాడుచేస్తుంది. జవాబు అలా వస్తే తప్పు బండిది కాదు, వీధిది.

కాంపాక్టర్ బండి అయితే ఒక విషయం గుర్తుపెట్టుకోండి, అది చెత్తని గట్టిగా నొక్కుతుంది కాబట్టి లోపల గాజు పగులుతుంది, తడి మొత్తం పొడిలోకి పిండేస్తుంది, లిథియం బ్యాటరీ ఉంటే నలిగి అంటుకుంటుంది కూడా. చెత్త బండ్లలో, సార్టింగ్ ప్లాంట్లలో మంటలకి ఈ బ్యాటరీలు ఇప్పుడు పెద్ద కారణం. పాత ఫోను, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంక్, పిల్లల బొమ్మలోని బ్యాటరీ, ఏదైనా సరే బుట్టలో వెయ్యకండి.

మధ్యలో దింపే చోటు, అక్కడి కాటా

చిన్న బండ్లు సీదా డంపింగ్ యార్డ్‌కి పోవు, దూరం ఎక్కువైతే డీజిల్ గిట్టదు. అందుకని మధ్యలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఉంటుంది, అక్కడ చిన్న బండ్లు దింపితే పెద్ద లారీలు ఎత్తుకెళ్తాయి. బండి దాకా వేరుగా వచ్చిన చెత్త కూడా ఇక్కడ నేల మీద ఒకే కుప్పలో పడిందంటే కథ అక్కడితో అయిపోయినట్టే. గేటు బయట నిలబడి చూసినా ఒక గంటలో అర్థమవుతుంది, దింపే చోట్లు రెండు ఉన్నాయా ఒకటేనా అని.

ఇక్కడే లేదా చివరి ప్లాంట్ గేటు దగ్గర వేబ్రిడ్జి ఉంటుంది. లోడుతో తూస్తారు, ఖాళీ బండి తూస్తారు, తేడా ఎంతో స్లిప్పు వస్తుంది. నా ఉద్దేశంలో చెత్త గురించి ఏ రిపోర్టు కన్నా ఈ స్లిప్పులే నమ్మదగ్గవి, ఎందుకంటే చాలా చోట్ల కాంట్రాక్టర్‌కి టన్నుకి ఇంత అని డబ్బులు ఇచ్చేది వీటిని బట్టే. అందులో ఒక చిక్కు కూడా ఉంది. టన్ను లెక్కన డబ్బు ఇస్తే మోసేవాడికి చెత్త తగ్గాలని ఏముంటుంది, వేరు చేయాలని ఏముంటుంది, తడిగా బరువుగా ఉంటేనే లాభం. మీ ఊళ్ళో కాంట్రాక్టు ఏ లెక్కన ఉందో కనుక్కోండి, చెత్త ఎందుకు కలిసిపోతోందన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

సమాచార హక్కు లాంటి చట్టం ఉన్న దేశాల్లో ఈ లెక్కలు అడిగి తీసుకోవచ్చు. "చెత్త ఎక్కడికి పోతోంది" అని అడిగితే "శాస్త్రీయంగా ప్రాసెస్ చేస్తున్నాం" అని ఒక లైను జవాబు వస్తుంది, అది దేనికీ పనికిరాదు. అంకెలు అడగాలి. గత 12 నెలల్లో నెలవారీగా ప్రతి గేటు దగ్గర ఎన్ని టన్నులు లోపలికి వచ్చాయి, ఏ వాహనంలో, ఎన్ని టన్నులు బయటికి పోయాయి, ఎరువుగా ఎంత, అమ్మిన ప్లాస్టిక్ ఇనుము ఎంత, పనికిరాదని పూడ్చింది ఎంత, అని విడివిడిగా రాయండి.

అంకెలు చేతికొచ్చాక కూడికలు తీసివేతలు చెయ్యండి. లోపలికి వచ్చిన బరువుకి, బయటికి పోయింది, ఆవిరైపోయింది, మిగిలింది అన్నీ కలిపితే దగ్గరగా రావాలి. ఉదాహరణకి తడి చెత్త కంపోస్ట్ అయ్యేటప్పుడు నీరు ఆవిరై, కొంత కార్బన్ డయాక్సైడ్‌గా పోయి మామూలుగా సగానికి పైగా బరువు తగ్గిపోతుంది. అలాంటిది 100 టన్నులు లోపలికి తీసుకుని 80 టన్నుల ఎరువు చేశాం అని ఏ ప్లాంటైనా చెప్తే, ఆ లెక్కలో మట్టో, తూకంలో తేడానో, అసలు జరగని పనో ఏదో ఒకటి ఉంది. అలాగే ఏడాది మొత్తంలో రిజెక్టులు, అంటే ఏరాక పనికిరావని పక్కన పెట్టేవి, సున్నా అని రాస్తే నమ్మకండి, రిజెక్టు రాని సార్టింగ్ ప్లాంట్ ఎక్కడా లేదు.

పొడి చెత్త దారి

పొడి చెత్త పోయే చోటు రెండు రకాలు, మనుషులు చేత్తో ఏరే షెడ్డు, లేదా మెషీన్ల ప్లాంటు. విజిటర్స్‌ని రానిచ్చే ప్లాంటు ఉంటే తప్పకుండా పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, అది చూసినవాళ్ళు ఇంట్లో బుట్టని మళ్ళీ పాతలాగా వాడలేరు.

మెషీన్ ప్లాంట్‌లో మొదట ట్రామెల్ అనే తిరిగే పెద్ద గొట్టం, దాని నిండా కన్నాలు, చిన్నవన్నీ కింద రాలిపోతాయి. అందుకే సీసా మూతలు, చిన్న కాగితం ముక్కలు విడిగా వేస్తే అవి మట్టితో పాటు రాలి పూడ్చడానికే పోతాయి, మూత సీసాకే బిగించి వేస్తే నయం. తర్వాత అయస్కాంతం ఇనుముని లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు కదా, దానికోసం ఎడ్డీ కరెంట్ సెపరేటర్ ఉంటుంది, వేగంగా మారే అయస్కాంత క్షేత్రం వల్ల డబ్బాలో కరెంటు పుట్టి ఆ డబ్బా బెల్టు మీంచి ఎగిరి అవతల పడుతుంది. ప్లాస్టిక్‌ని కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో గుర్తుపట్టి గాలి ఊది వేరు చేస్తారు. నల్ల ప్లాస్టిక్ ట్రేలు ఈ సెన్సర్‌కి దొరకవు, అందులో కలిపే కార్బన్ బ్లాక్ అనే నల్ల పొడి ఆ వెలుతురుని పీల్చేసుకుంటుంది. కొనేటప్పుడే నల్లది మానేస్తే మంచిది.

ఈ ప్లాంట్లకి అన్నిటికన్నా పెద్ద శత్రువు పల్చటి క్యారీ బ్యాగు. అది తిరిగే ఇరుసులకి చుట్టుకుంటుంది, దాని మీద ఇంకోటి, దాని మీద పాత గుడ్డ, వైరు ముక్క, అలా గట్టిపడి మెషీన్ ఆగిపోతుంది. అప్పుడు మనుషులు కరెంటు ఆపి ఆ ఇరుసుల మధ్యకి దిగి కత్తులతో కోసి కోసి తీస్తారు. మనం పొడి చెత్తని మంచిగా సంచిలో మూట కట్టి ఇచ్చాం అనుకుంటాం, ఆ మూటే వాళ్ళకి సమస్య. మీ దగ్గర మెషీన్ ప్లాంట్ ఉంటే పొడి చెత్త విడిగా డబ్బాలోంచి పోయండి, చేత్తో ఏరే షెడ్డు అయితే సంచిలో ఇచ్చినా పర్లేదు. మీ దగ్గర ఉన్నది ఏ రకమో ముందు అడిగి తెలుసుకోండి.

చేత్తో ఏరేవాళ్ళ గురించి రెండు మాటలు చెప్పాలి. ప్రపంచంలో చాలా నగరాల్లో నిజంగా రీసైకిల్ అయ్యే వస్తువుల్లో పెద్ద వాటా చెత్త ఏరుకునే వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళేదే. ప్లాస్టిక్ ముక్కని వేలితో కొట్టి ఆ చప్పుడుని బట్టి, నలిపితే వచ్చే శబ్దాన్ని బట్టి అది ఏ రకమో చెప్పేస్తారు, అనుమానం వస్తే అంచు కాల్చి వాసన చూస్తారు, ఆ పొగ మంచిది కాదని వాళ్ళకీ తెలుసు. ఇంత పనితనం ఉన్నవాళ్ళకి మనం పగిలిన గాజు, బ్లేడ్లు, సూదులు తొక్కల్లో కలిపి ఇస్తున్నాం. ఇది నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

ఇంట్లో చేసి చూడగలిగేది ఒకటి చెప్తాను. ఒక నీళ్ళ సీసా, అంటే పెట్ ప్లాస్టిక్ సీసా, చిన్న ముక్క కత్తిరించండి, దాని మూతలోంచి కూడా ఒక ముక్క. రెండూ గ్లాసు నీళ్ళల్లో వేసి వేలితో ముంచి వదలండి, గాలి బుడగలు అంటుకోకుండా చూడండి. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే పెట్‌ది అంతకన్నా ఎక్కువ, 1.38 దాకా ఉంటుంది, మూతలు చేసే పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్‌ది 1 కన్నా తక్కువ. రీసైక్లింగ్ ఫ్యాక్టరీలో సీసాల్ని మూతలతో సహా ముక్కలు చేసి పెద్ద నీళ్ళ తొట్టిలో వేసి ఇలాగే వేరు చేస్తారు. మునిగిన ముక్కలు కడిగి ఆరబెట్టి కరిగిస్తే చాలావరకు పాలిస్టర్ దారం అవుతుంది, కొంత మళ్ళీ సీసా అవుతుంది.

సీసా కింద త్రికోణంలో ఉండే అంకె గురించి చాలామందికి అపోహ ఉంది. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం పెట్టిన గుర్తు అది, 1 నుంచి 7 దాకా, ప్లాస్టిక్ ఏ రకమో చెప్తుంది అంతే. రీసైకిల్ అవుతుందని హామీ కాదు. 1, 2 అంకెలవి చాలా చోట్ల అమ్ముడుపోతాయి, 5 కొన్ని చోట్ల, మిగతావి తక్కువ. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు లాంటివి రెండు మూడు రకాల పొరలు అతికించి చేస్తారు, ఆ పొరలు విడదీయడం గిట్టుబాటు కాదు కాబట్టి వాటిని దాదాపు ఎవరూ కొనరు, సిమెంట్ ఫ్యాక్టరీ కొలిమిలో ఇంధనంగా వెళ్తే వెళ్తాయి, లేదంటే కుప్పలోకే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. కాగితం 5 నుంచి 7 సార్లు రీసైకిల్ అవుతుంది, ప్రతిసారీ నార పొట్టిగా అవుతూ పోతుంది. గాజు, అల్యూమినియం ఎన్నిసార్లైనా కరిగించుకోవచ్చు, అల్యూమినియం అయితే ఖనిజం నుంచి కొత్తగా చెయ్యడంతో పోలిస్తే 95 శాతం దాకా శక్తి మిగులుతుంది, అందుకే ఖాళీ డబ్బా ఎక్కడ పడేసినా ఎవరో ఒకరు ఏరుకుంటారు.

రీసైక్లింగ్‌కి పోయింది అంటే మీ దేశంలోనే పోయిందని కాదు. చాలా ఏళ్ళు ధనిక దేశాలు తమ ప్లాస్టిక్, పేపర్ చెత్తని ఓడల్లో చైనాకి పంపేవి. చైనా 2017లో ప్రకటించి 2018 నుంచి చాలా రకాలు ఆపేసింది, తీసుకునే వాటిలో కూడా వేరే చెత్త 0.5 శాతానికి మించకూడదంది. అప్పుడు ఆ కంటైనర్లు మలేషియా, థాయ్‌లాండ్, వియత్నాం వైపు తిరిగాయి, ఆ దేశాలు కూడా కొన్ని వెనక్కి పంపాయి. ప్రమాదకర వ్యర్థాల రవాణా మీద 1989లో చేసుకున్న బాసెల్ ఒప్పందంలోకి 2019లో ప్లాస్టిక్ చెత్తని కూడా చేర్చారు, అది 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. 0.5 శాతం అనే ఆ అంకె చూడండి, టన్ను కాగితంలో తొక్కలు, జిడ్డు డబ్బాలు 5 కిలోలు దాటితే చాలు, ఆ నియమం మీరినట్టే.

ట్రాకర్ పెట్టి చూడొచ్చా అని అడుగుతారు. 2009లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు సియాటెల్ నగరంలో దాదాపు 3,000 చెత్త వస్తువులకి ట్రాకర్లు కట్టి వదిలారు, ఎలక్ట్రానిక్ వస్తువులు కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాయి. కానీ ఇంట్లో మీరు ఆ పని చెయ్యకండి, ట్రాకర్‌లోనూ బ్యాటరీ ఉంటుంది, పైన చెప్పిన మంటల సంగతి గుర్తుంది కదా.

తడి చెత్త దారి

కంపోస్ట్ యార్డ్‌లో చెత్తని పొడుగాటి వరసలుగా పోసి తిరగేస్తుంటారు. సరిగ్గా జరుగుతుంటే కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, దగ్గరికి వెళ్తే ఆవిరి కనిపిస్తుంది, ఆ వేడికే రోగ క్రిములు, కలుపు గింజలు చస్తాయి. వెళ్ళినప్పుడు చూడాల్సింది మూడే. కుప్పలోంచి ఆవిరి వస్తోందా, వాసన మట్టి వాసనా కుళ్ళు వాసనా, తయారైన ఎరువు గుప్పెడు తీసుకుని చూస్తే అందులో ప్లాస్టిక్ పీలికలు, గాజు పెంకులు ఉన్నాయా. ఉన్నాయంటే ఆ ఎరువు ఏ రైతూ పొలంలో వెయ్యడు, వెయ్యకూడదు కూడా. అలా అమ్ముడుపోని ఎరువు తిరిగి కుప్పలోకే పోతుంది, కాగితాల మీద మాత్రం ప్రాసెస్ అయినట్టు ఉంటుంది. కలిసిన చెత్తని తర్వాత ఎంత జల్లెడ పట్టినా ఆ పీలికలు పూర్తిగా పోవు.

ఇంకో దారి బయోగ్యాస్. గాలి తగలని ట్యాంకులో 35 నుంచి 40 డిగ్రీల దగ్గర, కొన్ని ప్లాంట్లలో 50 నుంచి 55 దగ్గర, సూక్ష్మజీవులు తడి చెత్తని తిని మీథేన్ ఇస్తాయి. ఇది చాలా మంచి పద్ధతి కానీ చాలా సున్నితం, ప్లాస్టిక్ పోతే పంపులు జామ్ అవుతాయి, డిటర్జెంటో యాసిడో పోతే ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. ఓపెనింగ్ రోజు ఫోటోలున్న ప్లాంటు ఇప్పుడు నడుస్తోందా అని అడగండి, ఆగిపోతే ఎందుకు ఆగిందో కూడా.

కాల్చే ప్లాంటు

మొదటి చెత్త కొలిమి 1874లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో కట్టారు. ఇప్పటివి కరెంటు కూడా తీస్తాయి. యూరప్ నియమాల ప్రకారం పొగ కనీసం 850 డిగ్రీల దగ్గర 2 సెకన్లు ఉండాలి, డయాక్సిన్లు అనే విష రసాయనాలు నాశనం అవడానికి. చెత్త పరిమాణం 90 శాతం దాకా తగ్గుతుంది అని ప్రచారం చేస్తారు, అది నిజమే, కానీ బరువులో చూస్తే దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు అడుగు బూడిదగా మిగులుతుంది, పైన ఫిల్టర్లలో చిక్కే సన్న బూడిద వేరు, అది విషపు లోహాలు ఉన్న ప్రమాదకర వ్యర్థం.

కాబట్టి మీ చెత్త ఇక్కడికి పోతుంటే అడగాల్సింది బూడిద గురించి. అడుగు బూడిద ఎక్కడికి, సన్న బూడిద ఎక్కడికి, చిమ్నీ రీడింగులు జనానికి కనిపించేలా పెట్టారా. ఇంకోటి, తడి చెత్త ఎక్కువగా ఉంటే దానికదే మండదు, ముందు ఆ నీళ్ళు ఆవిరి చెయ్యడానికే వేడంతా పోతుంది, మండించడానికి వేరే ఇంధనం పొయ్యాల్సి వస్తుంది. అంటే వేరు చేస్తేనే కాల్చే ప్లాంటు కూడా సరిగ్గా పనిచేస్తుంది. "ఎలాగూ కాల్చేస్తారు కదా, వేరు చెయ్యడం ఎందుకు" అన్న వాదన నిలబడదు.

చివరి కుప్ప

డంపింగ్ యార్డ్ వేరు, ఇంజినీరింగ్ చేసి కట్టిన ల్యాండ్‌ఫిల్ వేరు, పేరు మాత్రం రెండింటికీ ఒకటే వాడేస్తుంటారు. ల్యాండ్‌ఫిల్‌కి అడుగున గట్టిగా కూరిన బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం ఉండే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు, దాని పైన మురుగు లాగే పైపులు, లోపల గ్యాస్ లాగే బావులు, ప్రతి సాయంత్రం పైన కప్పే 15 సెంటీమీటర్ల మట్టి, ఇవన్నీ ఉంటాయి. రోజూ నొక్కి మట్టి కప్పే పద్ధతి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో 1937లో మొదలైంది. ఇవేమీ లేకుండా ఖాళీ జాగాలో పోసుకుంటూ పోతే అది డంపింగ్ యార్డే.

గేటు లోపలికి రానివ్వకపోయినా చాలా తెలుస్తుంది. పొగ వస్తోందా, గద్దలు కాకులు గుంపులుగా తిరుగుతున్నాయా అంటే మట్టి కప్పట్లేదని. వాన వెలిసాక చుట్టుపక్కల కాలవల్లో నల్లటి కాఫీ రంగు నీళ్ళు పారుతున్నాయా, అదే లీచేట్, కుప్పలోంచి దిగిన విషపు నీరు, అది భూగర్భ జలంలో కలిస్తే బోర్లు పాడైపోతాయి. గ్యాస్ బావుల మీద పైపులు కనిపిస్తున్నాయా. ఆ గ్యాస్‌లో సుమారు సగం మీథేన్, 20 ఏళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. అది పుట్టేది ముఖ్యంగా తడి చెత్తలోంచి. గాలి ఆడని చోట కుళ్ళితే మీథేన్, గాలి ఆడే కంపోస్ట్ కుప్పలో కుళ్ళితే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, అవే తొక్కలు.

ఇంట్లో కూర్చుని చెయ్యగలిగింది ఇంకోటి ఉంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫోటోలు చూసే ఆప్షన్ ఉంటుంది. మీ ఊరి యార్డ్ వెతికి ఒక్కో ఏడాది వెనక్కి జరుపుతూ చూడండి, కుప్ప అంచు ఎటు జరిగిందో, చెరువు ఎంత తగ్గిందో, పక్కన ఇళ్ళు ఎప్పుడు వచ్చాయో కళ్ళ ముందు కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్లు తారీఖుతో సహా దాచుకోండి, తర్వాత అధికారులతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

పూడ్చేస్తే మట్టిలో కలిసిపోతుందిలే అనుకుంటాం. విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త 1973 నుంచి అరిజోనా యూనివర్సిటీలో చెత్త మీద పరిశోధన నడిపారు, తర్వాత పాత ల్యాండ్‌ఫిల్లుల్ని తవ్వి చూస్తే దశాబ్దాల నాటి న్యూస్‌పేపర్లు చదవగలిగేలా అలాగే ఉన్నాయి. గాలి, తేమ సరిగ్గా అందకపోతే కాగితం కూడా కుళ్ళదు. కుప్ప ఎత్తు పెరిగితే ఇంకో ప్రమాదం, అది జారుతుంది. 2000 జులైలో మనీలా దగ్గర పాయాటాస్‌లో, 2017 మార్చిలో అడిస్ అబాబా దగ్గర కోషేలో చెత్త కొండలు విరిగి పడి వందల మంది చనిపోయారు. వాళ్ళల్లో చాలామంది ఆ చెత్త ఏరుకుని బతికేవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు.

చోటు దొరికాక ఏం చెయ్యాలి

కలిసేది మీ ఇంట్లో అయితే అది ఇవాళే ఆగిపోవాలి. తడి చెత్త వేసేముందు నీళ్ళు వడకట్టండి, ప్లాస్టిక్ కవర్ లేకుండా డబ్బాలోనే ఉంచండి. పొడివి ఒకసారి నీళ్ళల్లో జాడించి ఆరబెట్టండి, మెరిసిపోయేలా కడగక్కర్లేదు, గిన్నెలు కడిగిన నీళ్ళు చాలు. మూడో డబ్బా ఒకటి పెట్టండి, బ్యాటరీలు, బల్బులు, మందులు, పెయింట్ డబ్బాలు దాంట్లోకి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్‌లో చుట్టి పైన గుర్తు పెట్టి వేరేగా ఇవ్వండి, తెరిచి చూస్తే తప్ప తెలియని మూట ఎవరికీ ఇవ్వకూడదు.

వీధిలో కలిసిపోతుంటే బండి వాళ్ళతో గొడవ పడకండి, పక్కింటివాళ్ళతో మాట్లాడండి. అపార్ట్‌మెంట్ అయితే కమిటీ మీటింగ్‌లో వారం రోజుల తూకం చూపించండి, అంకె చూపిస్తే మనుషులు వింటారు. బండిలోనో ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లోనో కలిసిపోతుంటే మున్సిపల్ ఆఫీసుకి రాయండి, కానీ "చెత్త కలిపేస్తున్నారు" అని కాదు, ఫలానా తారీఖు, ఫలానా టైము, ఫలానా బండి నంబరు, ఫలానా చోట రెండూ ఒకే కుప్పలో దింపారు, అక్కడ రెండో దింపే చోటు ఎప్పటికి కడతారు, అని. పనిచేసే మనిషి పేరు రాయకండి, ఆ నిర్ణయం ఆయనది కాదు.

ప్లాంటే ఆగిపోయి ఉంటే, అది మళ్ళీ నడిచేదాకా తడి చెత్త ఇంట్లోనే ఆపగలిగినంత ఆపండి. కన్నాలున్న డబ్బా ఒకటి, ఒక వంతు తడి చెత్తకి రెండు వంతులు ఎండుటాకులో చింపిన అట్టముక్కలో, వారానికి రెండుసార్లు తిరగెయ్యండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారితే తడి ఎక్కువైందని, ఏమీ రాకపోతే కొంచెం నీళ్ళు చల్లండి. కుళ్ళు వాసన వస్తే ఎండుటాకులు ఇంకా వేసి కలపండి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. సుమారు రెండు మూడు నెలలకి మట్టి వాసన వచ్చే నల్లటి పొడి అవుతుంది. పొడి చెత్త సీదా పాత సామాన్లు కొనేవాళ్ళకే ఇచ్చెయ్యండి.

ఏ దారైనా సరే కొన్ని వస్తువులు మాత్రం విడిగానే. పగిలిన గాజు మందపాటి అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి పైన పెద్ద అక్షరాలతో "గాజు" అని రాయండి. బ్లేడ్లు, సూదులు మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి, నిండాక మందుల షాపులోనో ఆస్పత్రిలోనో తీసుకుంటారేమో అడిగి అక్కడే ఇవ్వండి. బ్యాటరీ చివర్లకి టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునే చోటికి మీరే పట్టుకెళ్ళండి.